బాలమణమ్మ చిడతలు

కరోనా రెండో దెబ్బ తగ్గి, ఐటీ కారిడార్‌లో ఆఫీసులు ఒక్కొక్కటే మళ్ళీ తలుపులు తెరుస్తున్న ఏడాది, వేసవి చివర్లో నన్ను గోపన్‌పల్లి దారిలో ఉన్న మా కొత్త క్యాంపస్‌కి ట్రాన్స్‌పోర్ట్ మేనేజరుగా వేశారు. నా సర్వీసులో అదే ఆఖరి పోస్టింగ్ అని అప్పటికే తెలుసు. ఆ ఉద్యోగం గురించి ఇప్పటికీ నన్ను అడిగేవాళ్ళున్నారు. అంత పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో క్యాబుల వాళ్ళతో మీకేం పనండీ అని మా బాపట్ల బంధువులు అడుగుతారు. అందుకని ముందు పనేమిటో చెప్పి, తర్వాత జరిగింది చెబుతాను.

షిఫ్టుల్లో పనిచేసే ఉద్యోగుల్ని ఇంటి దగ్గర ఎక్కించుకోవడం పికప్, తిరిగి దింపడం డ్రాప్. ఎవరు ఏ బండిలో, ఏ వరసలో ఎక్కాలో రాసే పట్టిక రోస్టర్. ఆడపిల్ల ఒక్కతే మిగిలే ప్రయాణమైతే బండిలో గార్డు ఉండి తీరాలి. ఈ నాలుగూ సరిగ్గా జరిగేట్టు చూడటం నా డెస్కు పని. నా పైన అడ్మిన్ హెడ్, ఆయన పైన మానవ వనరుల అధిపతి సందీప్ గారు. బండ్లు, డ్రైవర్లు మా కంపెనీవి కావు. వాటిని కాంట్రాక్టు మీద పెట్టే వెండర్ ఒకడు, డ్రైవర్లకి డ్యూటీలు వేసే వాడి సూపర్‌వైజర్ ఒకడు ఉండేవారు. మీటింగుల్లో మాత్రం డ్రైవర్లని ‘పార్ట్‌నర్లు’ అనేవాళ్ళం. ఆ పార్ట్‌నర్లకి లోపలి బాత్రూమ్ వాడుకునే అనుమతి తెప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

డ్రైవర్ అలసిపోకుండా ఒక కట్టుబాటు కూడా ఉండేది. బండెక్కగానే ప్రతి డ్రైవరూ తన ఫోన్లో తన ఐడీతో లాగిన్ అవ్వాలి. డ్యూటీ గంటలు నిండగానే ఆ ఐడీ మూసుకుపోతుంది. విశ్రాంతి సమయం గడిచేదాకా తెరుచుకోదు. కాగితం మీద చక్కటి ఏర్పాటు. లాక్‌డౌన్లో చాలామంది బండ్లు అమ్ముకుని ఊళ్ళకి వెళ్ళిపోయారు, డ్రైవర్లకి కరువొచ్చింది. అయినా మా రోస్టర్ ఒక్క రోజూ తప్పలేదు. నెలవారీ సమీక్షలో ఇదెలా సాధ్యమని నేను వెండర్‌ని నిలదీస్తే, వాడు విశ్రాంతి గంటల రిపోర్టు తెర మీద పెట్టేవాడు. అన్నీ పచ్చగా కనిపించేవి. పొద్దున్నే గేటు దగ్గర నించుంటే డ్రైవర్ల కళ్ళు మాత్రం ఎర్రగా కనిపించేవి.

యాదగిరి ఆ డ్రైవర్లలో పెద్దవాడు, నా ఈడువాడు. సొంతూరు గోపన్‌పల్లే. మా క్యాంపస్ గోడ అవతల ఆయన చిన్నప్పుడు జొన్న చేలు ఉండేవట. వాళ్ళకున్న కాస్తా ఏనాడో చేతులు మారిపోయింది. ఆ సంగతి ఆయన చెబితే కాదు, ఇంకొకరు చెబితే తెలిసింది నాకు. నన్ను మేడమ్ అనేవాడు, నేను యాదగిరి గారూ అనేదాన్ని. గారు అన్నప్పుడల్లా మొహమాటపడేవాడు.

సందీప్ గారిని ఇంటికి దింపే బండి కొన్నాళ్ళు ఆయనదే. కరోనా రోజుల్లో సందీప్ గారి భార్యకి ఊపిరందక దవాఖానలో చేర్చారు. ఆయనకీ జ్వరమే. ఇంట్లో చంటిపిల్ల. అపార్ట్‌మెంట్లో ఎవరూ తలుపు తియ్యని రోజులవి. ఏం చెయ్యాలో తోచక ఆయన ఫోన్లో యాదగిరి దగ్గర ఏడ్చారట. యాదగిరి ఆ ఫోనుని వాళ్ళ ఊరి రామమందిరం భజన మండలి పెద్దావిడ బాలమణమ్మ చేతికిచ్చాడు. ఆవిడ అంతా విని, చివరికి ఒక్క మాట అడిగిందట: “ఇప్పుడు మాతోని ఏం పని, బిడ్డా?” మర్నాటి నుంచి ఆ ఇంటి గుమ్మం ముందుకి రెండు పూటలా క్యారేజీ వచ్చింది. పిల్లని చూసుకోవడానికి మండలిలోంచే ఒకామె ప్రాణానికి తెగించి వెళ్ళింది. భార్య బతికి బయటపడింది. ఇదంతా సందీప్ గారు దాచుకోలేదు. మా అందరి ముందూ కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పారు. ఆ కన్నీళ్ళు దొంగవని నేను ఇప్పటికీ అనను.

ఆ మండలి ఆచారం నేను తర్వాత స్వయంగా చూశాను. శనివారం భజన అయ్యి, హారతి ఇచ్చాక, ప్రసాదం పంచే ముందు, గుండెలో బరువున్నవాళ్ళు ముందుకొచ్చి కూర్చుంటారు. వినే మనిషి తన చేతిలోని చిడతలు తీసి చెప్పే మనిషి ఒళ్ళో పెడతారు. చిడతలు ఒళ్ళో ఉన్నంతసేపూ వినేవాళ్ళు నోరు మెదపకూడదు. సలహా ఇవ్వకూడదు, ఓదార్చకూడదు, మా ఇంట్లోనూ ఇంతేనని తమ సోది అందుకోకూడదు. దేవుడి ముందు ఎలా కూర్చుంటారో అలా కూర్చోవాలి. చెప్పేది అయిపోయాక చిడతలు తిరిగి చేతిలో పెడతారు. అప్పుడు వినే మనిషి అడగాల్సిన ప్రశ్న ఒకటే, “ఇప్పుడు మాతోని ఏం పని?” చెప్పుకున్నవాళ్ళు అయ్యే పని ఒకటి చెప్పాలి. ఆ పని తీరేదాకా విన్న మనిషి భజనకి వచ్చినా చిడతలు పట్టకూడదు. ఉత్త చేతులతోనే పాడాలి. ఎవరి చేతులు ఖాళీగా ఉన్నాయో ఊరందరికీ కనిపిస్తుంది.

నాకు భక్తి తక్కువ. గుళ్ళో కూర్చుంటే ధ్యాస చెప్పుల మీదే ఉండే మనిషిని. కానీ ఆ ఖాళీ చేతుల పద్ధతి చూశాక, ఇది పూజలకన్నా కష్టమైన పని అనిపించింది.

భార్య కోలుకున్నాక, ఆఫీసు తెరుచుకున్నాక, సందీప్ గారు ఈ ఆచారాన్ని కంపెనీలోకి తెస్తానన్నారు. ‘శ్రవణ వలయం’ అని పేరు పెట్టారు. రెండో అంతస్తులో గది ఖాళీ చేయించి చాపలు వేయించారు. టేకు చిడతలు ఆర్డరిచ్చి మరీ చేయించారు. మా ఆఫీసులో భజనకి ఏనాడూ కొదవ లేదు, చిడతలే లేవు, ఇప్పుడు అవీ వచ్చాయని మా డెస్కులో నవ్వుకున్నాం.

పద్ధతి అంతా రాసి న్యాయ విభాగానికి పంపారు. ఏ కొత్త కార్యక్రమమైనా వాళ్ళ ఆమోదం లేకుండా మొదలవ్వదు. చాపలకి అభ్యంతరం లేదన్నారు, చిడతలకీ లేదన్నారు. చివరి ప్రశ్న ఒక్కటి కొట్టేశారు. కంపెనీ తరఫున కూర్చున్న మనిషి ‘మాతో ఏం పని’ అని అడిగితే అది మాట ఇచ్చినట్టే అవుతుందట, రేపు కోర్టులో కంపెనీ మెడకి చుట్టుకుంటుందట. దాని బదులు ‘విన్నాను, ధన్యవాదాలు’ అని చేతులు జోడించమన్నారు. వలయంలో చెప్పింది వలయం దాటకూడదని ఇంకో నియమం చేర్చారు. చిడతలు పట్టకపోవడం, ఖాళీ చేతులు, ఇవేవీ ఆ కాగితంలోకి రానేలేదు.

సందీప్ గారు ఒప్పుకున్నారు. ఆ మీటింగులో నేనూ ఉన్నాను. అసలుది తీసేసి మిగిలింది పెట్టుకోవడం దేనికండీ అని అడిగాను. వినడమే సగం వైద్యం శ్యామల గారూ అన్నారు ఆయన. మిగతా సగం ఎవరు చేస్తారో చెప్పలేదు.

నిజం చెప్పాలంటే వలయం బాగానే నడిచింది. ఏడ్చినవాళ్ళున్నారు, తేలికపడ్డవాళ్ళున్నారు. ఇంట్లో ఒకరికొకరు చెప్పుకోలేనివి అక్కడ చెప్పుకున్నారు. అంతవరకు నేను కాదనను. మనిషికి మనిషి చెవి ఒగ్గడం మాటలు కాదు. అయితే మేనేజర్లు ఒక కిటుకు కనిపెట్టారు. టీములో ఎవరైనా జీతం గురించో, పని భారం గురించో నోరు తెరిస్తే, దీన్ని వలయంలో పంచుకోండి అనేవారు. అక్కడ చెబితే ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు కదా.

ఆ తర్వాత ఒక వారం డ్రైవర్లని, హౌస్‌కీపింగ్ వాళ్ళని, సెక్యూరిటీ వాళ్ళని కూడా పిలిచారు. యాదగిరికి ఎదురుగా సందీప్ గారే స్వయంగా కూర్చున్నారు. ఆ ఫోటో కంపెనీ పత్రికలో వచ్చింది. యాదగిరి ఒళ్ళో టేకు చిడతలు, ఎదురుగా సందీప్ గారు చేతులు జోడించి, కళ్ళు మూసుకుని. అక్కడేం మాట్లాడుకున్నారో నాకప్పుడు తెలియదు. నియమం ప్రకారం తెలియకూడదు కూడా.

కొన్ని వారాలకి, తెల్లారి పికప్ వేళ నార్సింగి దగ్గర రింగు రోడ్డు పక్క దారిలో, మా బండి ఆగి ఉన్న కాంక్రీటు లారీని వెనకనుంచి గుద్దింది. నడుపుతున్నది యాదగిరి. వెనక సీట్లో టెస్టింగ్ టీములో పనిచేసే హారిక అనే అమ్మాయి. ఆ పిల్లకి భుజం ఎముక విరిగింది. యాదగిరి కుడి కాలు మోకాలి కింద నుజ్జయింది. తర్వాత తీసేశారు.

ప్రమాదం జరిగితే నా డెస్కు మొదట చెయ్యాల్సిన పని, ఆ బండిలో ఎవరి ఐడీ లాగిన్ అయి ఉందో చూడటం. యాదగిరిది కాదు. నెల కిందటే పని మానేసి ఊరికి పోయిన కుర్ర డ్రైవరుది. యాదగిరి ఐడీ ఆ వేళ మూసుకుని ఉంది. రిపోర్టు ప్రకారం ఆయన ఇంట్లో పడుకుని విశ్రాంతి తీసుకుంటున్నాడు. నాకు అర్థమైపోయింది. వెళ్ళిపోయినవాళ్ళ ఐడీలు సూపర్‌వైజర్ తన దగ్గర అట్టిపెట్టుకుని, గంటలు నిండిన డ్రైవర్ల చేతిలో పెడుతున్నాడు. పచ్చటి రిపోర్టు రహస్యం ఇదన్నమాట.

వెండర్ మాత్రం వెంటనే మాట తిప్పేశాడు. డ్రైవరే దొంగతనంగా వేరేవాడి ఐడీ వాడుకున్నాడు, మాకు తెలియదు అన్నాడు. పోలీసులు నిర్లక్ష్యంగా నడిపాడని కేసు కట్టారు. వేరే పేరు మీద నడిపాడు కాబట్టి పరిహారమూ రాదన్నారు.

దవాఖానకి వెళ్ళాను. యాదగిరి గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మొదట ఆ పిల్ల ఎట్లుందని అడిగాడు. బాగుందని చెప్పాక నా వైపు తిరిగాడు.

“నేను చెప్పిన మేడమ్. సార్‌కే చెప్పిన. పేర్లు మార్చి డ్యూటీలు ఎక్కిస్తున్నరు, కండ్లు మూతలు పడుతున్నయ్, ఎవలనో ఒకలని సంపుతం, జర సూపర్‌వైజర్‌కి ఒక్క మాట చెప్పుండ్రి అన్న. సార్ చేతులు జోడించిండు. విన్నానన్నడు.”

నాకెందుకు చెప్పలేదండీ అని అడిగాను. కోపంగానే అడిగాను.

“మీకు చెప్తే మీరు ఊకోరు మేడమ్. కంప్లైంట్ రాస్తరు. అది సీదా సూపర్‌వైజర్ ఫోన్‌కి పోతది. తెల్లారి నా బండి బంద్. సార్ దగ్గర చెప్తే బయటికి రాదన్నరు కదా, అందుకే ఆడ చెప్పిన. ఆయనకు మా మండలి సంగతి తెలుసు. అడుగుతడనే అనుకున్న.”

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మా కంప్లైంట్ పద్ధతి అలాగే ఉండేది. డ్రైవరు మీద వచ్చినా, డ్రైవరు ఇచ్చినా, టికెట్ వెండర్‌కే పోయేది. దాన్ని మార్చమని నేను రాసిన మెయిళ్ళు పరిశీలనలో ఉన్నాయన్న జవాబుతో అప్పటికి ఏడాదిగా పడి ఉన్నాయి.

అంతర్గత విచారణ వేశారు. ముగ్గురు సభ్యులు, అందులో న్యాయ విభాగం మనిషి ఒకరు. తేల్చాల్సింది ఒక్కటే. యాదగిరి ముందే చెప్పాడా లేదా? చెప్పాడని తేలితే ఐడీ ఆయన దొంగిలించింది కాదని తేలుతుంది, సూపర్‌వైజర్ మెడకి చుట్టుకుంటుంది, పోలీసు కేసూ నీరుగారుతుంది. ఆయన మంచం మీద నాకు చెప్పిన మాటలు పూసగుచ్చినట్టు చెప్పాను. అది ప్రమాదం తర్వాత ఆయన మీకు చెప్పుకున్న మాట మేడమ్, సాక్ష్యం కాదు అన్నారు. ముందే విన్న మనిషి ఒక్కరే ఉన్నారు.

సందీప్ గారి గదికి వెళ్ళాను. ఆయన అబద్ధం ఆడలేదు. ఆడి ఉంటే నా మనసు ఇంత చేదెక్కేది కాదేమో. చెప్పలేదని నేను అనను శ్యామల గారూ, చెప్పాడని అనడానికి నాకు హక్కు లేదు, వలయంలో మాట బయట పెడితే రేపు ఎవరు నమ్మి కూర్చుంటారు, అది పవిత్రమైన చోటు అన్నారు. ఆ పవిత్రత ఎవర్ని కాపాడటానికండీ అని అడిగాను. కిటికీలోంచి బయటికి చూశారు. ఒళ్ళు మండిపోయింది నాకు. నేను ఉన్నదున్నట్టు మాట్లాడే మనిషిని. మీ ఇంటికి క్యారేజీ వచ్చినప్పుడు ఆ మండలివాళ్ళు ఏ న్యాయ విభాగాన్ని అడిగి పంపారండీ అన్నాను. దానికి ఆయన మొహం పాలిపోయింది.

యాదగిరిని ఇంటికి తెచ్చిన తర్వాతి శనివారం ఆయన్ని ఆటోలో రామమందిరానికి తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. ఆచారం చూసింది ఆ రోజే. బాలమణమ్మ తన చిడతలు ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన జరిగిందంతా చెప్పాడు. చిడతలు తిరిగి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ అడగాల్సింది అడిగింది. డబ్బు అడుగుతాడనుకున్నాను. కాలు పెట్టించమంటాడనుకున్నాను.

“నేను దొంగను గాదు. ముందుగాల చెప్పిన. చెప్పిండని ఆ సార్‌తోని ఒక్క మాట అనిపియ్యి పెద్దమ్మా. గంతే.”

ఆ సోమవారమే ఆవిడ మా గేటు దగ్గరికొచ్చింది. కాళ్ళవాపుతో నడవలేని మనిషి. గుర్తింపు కార్డు లేదని సెక్యూరిటీ ఆపేస్తే, నేను వెళ్ళి విజిటర్ పాస్ రాయించి లాబీలోకి తెచ్చాను. సందీప్ గారు దిగి వచ్చారు. ఆవిడ కాళ్ళకి వంగి దణ్ణం పెట్టారు కూడా. ఆవిడ ఆయన భార్య ఆరోగ్యం అడిగింది, పిల్లకి మాటలొచ్చాయా అని అడిగింది. తర్వాత యాదగిరి కోరిక చెప్పింది. ఆయన తల వంచుకుని, అడ్డు రాకుండా, చివరిదాకా విన్నారు. చేతులు జోడించారు.

“విన్నానమ్మా,” అన్నారు.

“వింటివి బిడ్డా. ఇగ ఏం చేస్తవ్?”

అది లాయర్ల దగ్గర ఉందమ్మా, నా చేతుల్లో లేదు అన్నారాయన. బాలమణమ్మ ఆ చేతుల వైపు చూసింది. వెనక్కి తిరిగింది. మంచినీళ్ళు తాగుతారా అంటే వద్దంది. నేను బండి పిలుస్తుంటే నా చెయ్యి పట్టుకుని, గీ పిలగాడు మా దగ్గర సగమే నేర్చిండు మేడమ్ అంది. కోపం లేదు ఆ గొంతులో. నాకున్న కోపం ఇద్దరికీ సరిపోయేంత ఉంది.

విచారణ తేల్చిందేమిటంటే, డ్రైవరు ముందుగా ఫిర్యాదు చేసిన ఆధారం లేదు. వెండర్‌కి ఒక హెచ్చరిక లేఖ. సూపర్‌వైజర్‌ని ఇంకో క్యాంపస్‌కి మార్చారు. యాదగిరి పేరు కారిడార్‌లోని వెండర్లందరికీ పంపే నిషేధిత డ్రైవర్ల జాబితాలో చేరింది. కాలు లేని మనిషిని బండి నడపనివ్వద్దని జాబితాలో పెట్టారు. కంప్లైంట్ పద్ధతి మాత్రం మారింది. ఇప్పుడు డ్రైవరు ఫిర్యాదు వెండర్‌కి పోదు, మూడో మనిషికి పోతుంది. నేను పట్టుబట్టి సాధించింది అదొక్కటే. అది యాదగిరికి ఏ విధంగానూ పనికిరాలేదు.

ఆ ఏడాదే శ్రవణ వలయానికి ఏదో సంస్థ బహుమతి ఇచ్చింది. టేకు చిడతల జతని అద్దాల పెట్టెలో పెట్టి లాబీలో నిలబెట్టారు. నేను రిటైరయ్యే రోజున వీడ్కోలు కూడా వలయంలోనే పెట్టారు. నా ఒళ్ళో చిడతలు పెట్టి, మనసులో ఉన్నది చెప్పమన్నారు. ఎదురుగా సందీప్ గారే. నేనేమీ చెప్పకుండా చిడతలు ఆయన చేతికి తిరిగి ఇచ్చేశాను. ఆయన అలవాటు కొద్దీ, విన్నాను, ధన్యవాదాలు అన్నారు.

రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడూ శనివారాలు గోపన్‌పల్లి వెళుతుంటాను. చుట్టూ టవర్లు లేచి మందిరం చిన్నదైపోయింది. యాదగిరి స్తంభానికి ఆనుకుని కూర్చుంటాడు. కేసు ఇంకా నడుస్తోంది. పోయిన వారం కూడా చూశాను. మండలి అంతా చిడతలు వాయిస్తున్నారు. బాలమణమ్మ మాత్రం ఉత్త చేతులు ఒళ్ళో పెట్టుకుని పాడుతోంది. అడిగితే, పని తీరలే కదా మేడమ్ అంది.

ఈ ఉదంతంలో నేను నేర్చుకున్నది చిన్నదే. వినడం గొప్ప సాధన అని చెప్పేవాళ్ళ దగ్గర ఇప్పుడు నేను వాళ్ళ మొహం చూడను, చేతులు చూస్తాను. విన్నందుకు ఆ చేతులు ఏదైనా ఒకటి వదులుకున్నాయా అని చూస్తాను. వదులుకోకపోతే నా మాట నా దగ్గరే ఉంచుకుని లేచి వస్తాను.